పొట్టకీ ఓ లయ ఉంది

పిల్లలూ, గుండె నిమిషానికి 70 సార్లకు పైగా కొట్టుకుంటుందని మీకు తెలుసు. మరి పొట్ట? దానికీ ఓ లయ ఉంది. కాకపోతే తీరిగ్గా, నిమిషానికి సుమారు 3 సార్లే! పొట్ట గోడలోని కాహాల్ కణాలు పుట్టించే సన్నని విద్యుత్ తరంగాలే అన్నం నూరే కండరాలకు తాళం వేస్తాయి.

ఆ తరంగాలను లోపలికి గొట్టం వేయకుండా, చర్మం మీద అంటించిన ఎలక్ట్రోడ్లతో పట్టే పరీక్షే ఎలక్ట్రోగ్యాస్ట్రోగ్రఫీ. ఈసీజీకి చెల్లెలనుకోండి. అమెరికాలో డాక్టర్ వాల్టర్ అల్వరెజ్ 1922లో తొలి రికార్డింగు ప్రచురించారు. ఆయన పరీక్షించిన పెద్దావిడ పొట్ట గోడ ఎంత పలచనంటే, లోపలి కదలిక పైకే కనిపించేది. కంటికి కనిపించిందీ నిమిషానికి 3, యంత్రం గీసిందీ 3!

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే ఇక్కడ సిగ్నల్ తక్కువ, నాయిస్ ఎక్కువ. గుండె, ఊపిరి, ఒంటి కదలిక అన్నీ కలిసిపోతాయి. అందుకే కదలకుండా పడుకోబెట్టి, పరగడుపున ఒకసారి, తిన్నాక ఒకసారి కొలుస్తారు.

ఫుజైరా కొండదారిలో కారెక్కితే మీకు వాంతి వస్తుందా? పెన్ స్టేట్ యూనివర్సిటీలో రాబర్ట్ స్టెర్న్ బృందం 1980లలో మనుషుల్ని గిరగిరా తిరిగే చారల డ్రమ్ములో కూర్చోబెట్టి చూసింది. కడుపులో తిప్పినవారిలో లయ నిమిషానికి 3 నుంచి 4-9 సార్లకు పెరిగింది.

పొట్టతో కరెంటు భాషలో మాట్లాడే ప్రయత్నాలూ ఉన్నాయి. మన న్యూయార్క్ యూనివర్సిటీ అబుదాబీకి చెందిన ఖలీల్ రమాది, ఎమ్‌ఐటీ పరిశోధకులతో కలిసి, కడుపులో చిన్న కరెంటిచ్చి ఆకలి హార్మోన్‌ను పెంచే క్యాప్సూల్‌ను పందులపై పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు.

ఇక పెద్దలకో మాట. విజిట్ వీసా మీద వచ్చిన అమ్మ నాలుగు ముద్దలకే "కడుపు నిండిపోయిందిరా" అంటే, కోడలి వంట నచ్చలేదనుకోకండి. ఏళ్ళ తరబడి షుగర్ ఉంటే నరాలు దెబ్బతిని పొట్ట నెమ్మదించవచ్చు. ఎండోస్కోపీలో గోడ కనిపిస్తుంది కానీ లయ కనిపించదు. ఇన్సులిన్ వాడేవారికైతే మరీ ప్రమాదం: అన్నం అరగకముందే మందు పనిచేసి షుగర్ పడిపోవచ్చు. పొట్ట ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో తేల్చేది స్కాన్. ఎలక్ట్రోగ్యాస్ట్రోగ్రఫీ దానికి తోడు మాత్రమే, అన్నిచోట్లా దొరకదు కూడా. ఏది అవసరమో డాక్టరే చెప్పాలి.

పిల్లలూ, మీకో పని. అమ్మమ్మో, నానమ్మో అలా అంటుంటే ఓ వారం పాటు నోట్‌బుక్‌లో రాయండి: ఏం తిన్నారు, ఎన్ని ముద్దలకు నిండింది, షుగర్ ఎంత. డాక్టరు దగ్గరికి ఆ పుస్తకమూ తీసుకెళ్ళండి.