కంచ గచ్చిబౌలి 400 ఎకరాలు: ముందు బుల్డోజర్.. తర్వాత లెక్కలా? అసలు ఏ పని ముందు జరగాలి?

రాత్రి లైట్ల వెలుగులో బుల్డోజర్లు, వెనకాల నెమళ్ల అరుపులు.. ఆ వీడియో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. 2025 మార్చి 30, ఉగాది రోజు కంచ గచ్చిబౌలిలో మొదలైన పని దేశమంతా వైరల్ అయింది. ఆ వెంటనే ఇంకో గొడవ. "అవి ఏఐ వీడియోలు, అక్కడ జింకలూ లేవు, నెమళ్లూ లేవు" అని ఒకవైపు. "ఉన్నాయి, మేం రోజూ చూస్తాం" అని విద్యార్థులు ఇంకోవైపు.

ఇక్కడే అసలు ప్రశ్న ఉంది. 400 ఎకరాల్లో ఏముందో తెలుసుకోవడానికి మనం వాట్సాప్ వీడియోల మీద ఎందుకు ఆధారపడాల్సి వచ్చింది? పని మొదలుపెట్టే ముందే ఆ లెక్క కాగితం మీద ఉండాలి కదా!

అసలేం జరిగింది?

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే, సర్వే నంబర్ 25లో ఉన్న భూమి ఇది. 2004లో ఉమ్మడి ఏపీ ప్రభుత్వం ఐఎంజీ అకాడమీస్ భారత అనే సంస్థకు కేటాయించింది. 2006లో ఆ కేటాయింపు రద్దయింది. ఏళ్ల తరబడి కోర్టు కేసులు నడిచి, చివరికి 2024లో ప్రభుత్వమే గెలిచింది. ఆ తర్వాత భూమి టీజీఐఐసీ చేతికి వచ్చింది. ఐటీ పార్కులు, ఆఫీస్ బిల్డింగులు వస్తాయని, రూ.50 వేల కోట్ల పెట్టుబడులు, 5 లక్షల ఉద్యోగాలు వస్తాయని సర్కారు చెప్పింది.

విద్యార్థులు రోడ్డెక్కారు. ఏప్రిల్ 2న హైకోర్టు ఆపమంది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు సుమోటోగా తీసుకుని పనులన్నీ నిలిపేసింది. హైకోర్టు జ్యుడీషియల్ రిజిస్ట్రార్ వెళ్లి చూస్తే, సుమారు 100 ఎకరాలు అప్పటికే చదును అయిపోయాయి. "అంత తొందరేంటి? పర్యావరణ అనుమతి ఉందా? చెట్లు కొట్టడానికి పర్మిషన్ ఉందా?" అనేవే కోర్టు వేసిన ప్రశ్నలు.

గట్ల సర్వే వేరు, ప్రకృతి సర్వే వేరు

మన దగ్గర సర్వే అంటే గొలుసు పట్టుకుని హద్దులు తేల్చడమే. ఇక్కడా యూనివర్సిటీకి, టీజీఐఐసీకి మధ్య నడిచిన గొడవ అదే. హద్దుల సర్వే జరిగిందని వీళ్లు, జరగలేదని వాళ్లు. భూమి ఎవరిదో తేలినంత మాత్రాన దాని మీద ఏముందో తేలినట్టు కాదు.

2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్ల నిర్మాణం దాటితే ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి. 50 హెక్టార్లు దాటిన ఏరియా డెవలప్‌మెంట్ అయితే ఇంకా పెద్ద కేటగిరీ. 400 ఎకరాలంటే దాదాపు 162 హెక్టార్లు! నోటిఫికేషన్‌తో పాటు వచ్చిన ఫారం-1ఎ లో నేల, నీరు, మొక్కలు, జంతువులు అని విడివిడిగా ప్రశ్నలుంటాయి. వాన నీరు ఎటు పారుతోంది? ఏ చెట్లు పోతాయి? ఏ జీవులు చెదిరిపోతాయి? ఇవన్నీ జేసీబీ రాకముందు జవాబు చెప్పాల్సినవే.

లెక్క వేసి చూద్దాం

ఈ 400 ఎకరాల మీద ఒక్క సెంటీమీటర్ వాన పడితే చాలు, 1.6 కోట్ల లీటర్ల నీళ్లు. అంటే 10 వేల లీటర్ల ట్యాంకర్లు 1,600. పొదలు, రాళ్ల సందులు ఉంటే అందులో కొంత నేలలోకి దిగుతుంది. అదే చోట కాంక్రీట్ వేస్తే రోడ్డు మీదకే. ఎండాకాలంలో గచ్చిబౌలి అపార్ట్‌మెంట్ల ముందు ట్యాంకర్ల క్యూ చూసినవాళ్లకి ఇది వేరేగా చెప్పక్కర్లేదు.

చెట్ల సంగతీ అంతే. నిర్మాణ ప్రాజెక్టులకు కేంద్రం పెట్టే షరతుల ప్రకారం ప్రతి 80 చదరపు మీటర్లకు ఒక చెట్టు ఉండాలి. 400 ఎకరాలకు దాదాపు 20 వేల చెట్లు. ఉన్న చెట్లు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. అంటే ఉన్నవి కాపాడుకుంటే షరతు సగం తీరినట్టే. ముందు కొట్టేసి, తర్వాత నర్సరీ మొక్కలు కొని నాటడం డబ్బుకి కూడా దండగ. పైమట్టిని 20 సెంటీమీటర్ల లోతు తీసి దాచి, మళ్లీ వాడాలని కూడా షరతుంది. బుల్డోజర్ తోసేసిన చోట ఆ మట్టి ఎక్కడని వెతుకుతాం?

లాన్ వేస్తే సరిపోదా?

సరిపోదు. మన దగ్గర ల్యాండ్‌స్కేపింగ్ అంటే గేటు దగ్గర పామ్ చెట్లు, లోపల లాన్, మధ్యలో ఫౌంటెన్. చుక్కల జింకకి పొదలు కావాలి, నక్షత్ర తాబేలుకి ఎండు గడ్డి కావాలి. యూనివర్సిటీ క్యాంపస్, దాని చుట్టుపక్కల 200కు పైగా పక్షి జాతులు కనిపించాయి. మురిషియా హైదరాబాదెన్సిస్ అనే సాలీడు జాతిని గుర్తించింది ఆ క్యాంపస్‌లోనే. ఇక సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ బండలు పగిలితే మళ్లీ ఏ నర్సరీలోనూ దొరకవు.

ప్రభుత్వ వాదన కూడా వినాలి. ఇది అటవీ భూమి కాదని, చెరువులు లేఅవుట్ బయటే ఉన్నాయని, మష్రూమ్ రాక్ లాంటి బండలను గ్రీన్ స్పేస్‌గా ఉంచుతామని టీజీఐఐసీ చెప్పింది. ఉద్యోగాలు అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఏ బండ ఉంచాలి, ఏ పొద ఉంచాలి అన్నది ప్లాన్ గీసే ముందు తేలాలి. గీసేశాక మిగిలిన ముక్కల్ని గ్రీన్ స్పేస్ అంటే ఎలా?

ఇప్పుడేంటి?

మే 15న సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. అడవిని పునరుద్ధరించకపోతే అధికారులు జైలుకు వెళ్లాల్సి వస్తుందని హెచ్చరించింది. ఆగస్టు 13న మాత్రం, అభివృద్ధికి తాము వ్యతిరేకం కాదని, పర్యావరణాన్ని కలుపుకుని సమగ్ర ప్రతిపాదన తెమ్మని ఆరు వారాల గడువిచ్చింది.

అంటే, మొదటి రోజు జరగాల్సిన పనిని 100 ఎకరాలు పోయాక చేయమంటున్నారు. పోయిన ఆ 100 ఎకరాల్లో ఏయే చెట్లున్నాయో ఇప్పుడు లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. మిగిలిన 300 ఎకరాల్లో మాత్రం ఆ ఛాన్స్ ఇంకా ఉంది. రేపు మీ ఊరి గుట్ట మీద, మీ చెరువు పక్కన ఏదైనా కమర్షియల్ ప్రాజెక్ట్ బోర్డు కనిపిస్తే అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ ఏముందో లెక్క రాశారా?"