సెల్‌ఫోను మనది, తాళంచెవి ఎవరిది?

2024 మార్చి 1, శుక్రవారం. ఆ రోజు గూగుల్ కంపెనీ తన ప్లే స్టోర్ నుంచి కొన్ని భారతీయ సంస్థల యాప్‌లను తొలగించింది. వాటిలో భారత్ మ్యాట్రిమొనీతో పాటు ముస్లిం మ్యాట్రిమొనీ కూడా ఉంది. ఊళ్లో మనవాళ్ల ఇళ్లు కొద్దిగానే ఉండి, మధ్యవర్తి తెచ్చే రెండు మూడు సంబంధాలతోనే సరిపెట్టుకోవలసిన తల్లిదండ్రులకు ఇది చిన్న విషయం కాదు. రాజమండ్రిలో కూర్చుని కర్నూలు కుర్రవాడి వివరాలు తెలుసుకునే వీలు ఫోను వల్లనే కలిగింది మరి.

తొలగించడానికి కారణం అశ్లీలమూ కాదు, మోసమూ కాదు. రుసుము తగాదా. యాప్‌లో జరిగే చెల్లింపులపై గూగుల్ అప్పట్లో 11 నుంచి 26 శాతం దాకా అడిగింది. అది ఎక్కువని ఆ సంస్థలు కోర్టులకు వెళ్లాయి, ఊరట దొరకలేదు. చివరకు కేంద్ర ఐటీ మంత్రి అశ్వినీ వైష్ణవ్ కల్పించుకున్న తర్వాతనే, మార్చి 5 నాటికి, వాటిని తిరిగి పెట్టడానికి కంపెనీ ఒప్పుకుంది.

డెల్టాలో పుట్టినవారికి తూముల సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. ధవళేశ్వరం దగ్గర గోదావరి ఎంత నిండుగా ఉన్నా తూము షట్టరు ఎత్తితేనే చేను తడుస్తుంది. అయితే షట్టరు దగ్గర ఉండే లస్కరు ప్రభుత్వ ఉద్యోగి. నీరు రాకపోతే ఇంజనీరును నిలదీయవచ్చు, కలెక్టరు దగ్గరకు పోవచ్చు. ఫోను తూము దగ్గర ఉన్న లస్కరు కాలిఫోర్నియాలో ఉన్నాడు. శిస్తు ఎంతో ఆయనే చెబుతాడు. పైగా ఆయన సొంత చేను కూడా ఆ కాలువ కిందే ఉంది!

ఆండ్రాయిడ్ ఫోనులో కనీసం పక్కదారి ఉంది. హెచ్చరికలు దాటుకుని బయటి నుంచి యాప్ దించుకోవచ్చు. ఐఫోనుకు మన దేశంలో ఆ దారీ లేదు. తలుపు ఒక్కటే అయితే ఏమవుతుందో 2021 అక్టోబరులో చైనా ముస్లింలు చూశారు. చట్టవిరుద్ధమైన మత గ్రంథం ఉందని అక్కడి అధికారులు అనగానే ఆపిల్ కంపెనీ ‘ఖుర్ఆన్ మజీద్’ యాప్‌ను చైనా స్టోర్ నుంచి తీసివేసింది. అచ్చు పుస్తకమైతే ఊరూరా దుకాణాలు వెతకాలి, ఇళ్లు సోదా చేయాలి. ఇక్కడ ఒక కంపెనీకి ఒక మాట చెబితే సరిపోయింది.

ఇదంతా మీ రక్షణ కోసమే అంటాయి కంపెనీలు. ఈ వాదనను కొట్టిపారేయలేం. పెళ్లి శుభలేఖ పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలు నొక్కి బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకున్నవారు మన రాష్ట్రంలోనే ఉన్నారు. అలాంటి ఫైలు ఎవరు పంపినా ముట్టుకోవద్దు. కానీ కాపలా ఎంత గట్టిదో కూడా చూడాలి. 2022 సెప్టెంబరులో మన రాజమండ్రిలోనే అప్పుల యాప్ వేధింపులు భరించలేక ఇద్దరు పసిపిల్లల తల్లిదండ్రులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఒక్క ఏడాదిలో భారతదేశంలో నిబంధనలు మీరిన 3,500కు పైగా అప్పుల యాప్‌లపై చర్య తీసుకున్నామని గూగులే చెప్పింది. అంటే అన్ని యాప్‌లు స్టోర్ గడప దాటి లోపలికి వచ్చాకనే కదా చర్య! వడ్డీ వ్యాపారి దూరిన తలుపులోంచి పెళ్లి సంబంధాలవాడిని గెంటివేయడం ఏం కాపలా?

ఆండ్రాయిడ్ విషయంలో కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరు 20న గూగుల్‌కు రూ. 1,337.76 కోట్ల జరిమానా వేసింది. 2023 మార్చి 29న అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాను సమర్థించింది. కానీ ఫోనుతో పాటే వచ్చే గూగుల్ యాప్‌లను తీసివేసుకునే వీలు, ప్లే స్టోర్ ద్వారానే వేరే స్టోర్లు తెచ్చుకునే వీలు మొదలైన నాలుగు ఆదేశాలను పక్కన పెట్టింది. జరిమానా ఖజానాకు పోతుంది. ఫోను కొన్నవాడికి పనికివచ్చేవి ఆ ఆదేశాలే.

ఇప్పుడు పక్కదారి మీద కూడా గేటు పడబోతోంది. బయటి నుంచి వేసుకునే యాప్‌లైనా తమ దగ్గర గుర్తింపు నమోదు చేసుకున్నవారివే అయి ఉండాలని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించింది. 2026 సెప్టెంబరులో ఇండోనేషియా, బ్రెజిల్, సింగపూర్, థాయిలాండ్‌లలో మొదలుపెట్టి, ఆ తర్వాత మిగతా దేశాలకు విస్తరిస్తామంది. విమర్శలు వచ్చాక, తెలిసి దించుకునేవారికి ఒక మార్గం ఉంచుతామని కొంత మెత్తబడింది. మసీదు కుర్రవాడొకడు తన ఊరి నమాజు వేళలతో యాప్ చేసి జమాతు అంతటికీ పంచాలనుకుంటే, అనుమతి అమెరికా కంపెనీ నుంచి ఎందుకు రావాలి? ప్రమాదం ఉంటే పెద్ద అక్షరాలతో, తెలుగులో హెచ్చరించవచ్చు. ఆ తర్వాత నిర్ణయం డబ్బు పెట్టి ఫోను కొన్నవాడిది.

యూరప్‌లో చట్టం చేశాక 2024 మార్చి నుంచి ఐఫోనులోనూ వేరే స్టోర్లకు చోటు దొరికింది. మన కేంద్రం కూడా అదే నెలలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అది ఎంతవరకు వచ్చిందని గోదావరి జిల్లాల ఎంపీలను అడగడానికి మనకు హక్కు ఉంది. ఈలోగా పిల్ల బయోడేటా, మాట్లాడుతున్న సంబంధాల ఫోను నంబర్లు ఒక కాగితం మీద కూడా రాసి బీరువాలో ఉంచుకోండి.