ఆన్‌లైన్ ల్యాబ్‌లో భూమి పాఠం: సర్టిఫికెట్ వస్తుంది, చదువు వస్తోందా?

అమెరికాలో డిగ్రీ చదివే పిల్లలు ఏ కోర్సు తీసుకున్నా, చాలా కాలేజీల్లో ల్యాబ్‌తో కూడిన ఒక సైన్స్ సబ్జెక్టు తప్పకుండా పాసవ్వాలి. కామర్స్ వాళ్ళైనా, కంప్యూటర్ వాళ్ళైనా ఇది తప్పదు. కెమిస్ట్రీ, ఫిజిక్స్ అంటే భయపడేవాళ్ళు ఎక్కువగా భూ విజ్ఞానం వైపు వెళ్తారు. రాళ్ళు, ఖనిజాలు, భూకంపాలు, నదులు, వాతావరణం ఇందులో ఉంటాయి. లెక్కలు తక్కువ, ఆసక్తి ఎక్కువ అని పేరు.

2020లో కరోనా వచ్చి కాలేజీలు మూతపడ్డప్పుడు ఈ ల్యాబ్‌లు కూడా రాత్రికి రాత్రే ఆన్‌లైన్ అయిపోయాయి. కరోనా పోయింది, ఆన్‌లైన్ ల్యాబ్ మాత్రం పోలేదు. ఉద్యోగం చేస్తూ చదివేవాళ్ళకి, చిన్న పిల్లలున్న తల్లులకి, కాలేజీకి గంటన్నర దూరంలో ఉండేవాళ్ళకి అది అనుకూలంగా ఉంది. షికాగో, డల్లాస్, హ్యూస్టన్‌లలో స్థిరపడ్డ మన కుటుంబాల పిల్లలు కూడా కమ్యూనిటీ కాలేజీల్లో ఈ దారి పడుతున్నారు. ఇక్కడ హైదరాబాద్, కర్నూలు, గుంటూరులలో కూడా ‘అమ్మాయి ఇంట్లోనే ఉండి చదువుకుంటుంది, ఆన్‌లైన్ అయితే మేలు’ అనే మాట మన ఇళ్ళల్లో బాగా వినిపిస్తోంది.

అందుకే ఈ ప్రశ్న మనకి సంబంధించినదే. రాయిని చేత్తో పట్టుకోకుండా రాయి గురించి నేర్చుకోవచ్చా? ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ఏం చూసుకోవాలి?

స్క్రీన్ మీద బాగా వచ్చే పాఠాలు

ఆన్‌లైన్ అంటేనే దండగ అని కొట్టిపారేయడం సరికాదు. కొన్ని పాఠాలు కంప్యూటర్ మీద క్లాస్‌రూమ్ కంటే బాగా వస్తాయి. భూకంపం పాఠమే చూడండి. భూకంపం వచ్చినప్పుడు ముందు పి తరంగాలు, వాటి వెనక ఎస్ తరంగాలు వస్తాయి. రెండింటి మధ్య ఎన్ని సెకన్ల తేడా ఉందో చూస్తే భూకంప కేంద్రం ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. ఒక్కో సెకను తేడాకి సుమారు 8 కిలోమీటర్లు అని మోటు లెక్క. తేడా 30 సెకన్లుంటే దూరం దాదాపు 240 కిలోమీటర్లు. మూడు స్టేషన్ల నుంచి ఇలా దూరాలు తీసి మ్యాప్ మీద మూడు వృత్తాలు గీస్తే, మూడూ కలిసిన చోటే భూకంప కేంద్రం. విద్యార్థి ఇది ఇంట్లో కూర్చుని అసలైన రికార్డులతోనే చేయొచ్చు. అమెరికా భూగర్భ సర్వే సంస్థ ప్రపంచంలోని భూకంపాల వివరాలని ఎప్పటికప్పుడు ఉచితంగా ఇంటర్నెట్‌లో పెడుతుంది.

ఈ పాఠం పరీక్షతో అయిపోయేది కాదు. 2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాలలో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబర్ 4న మన ములుగులో 5.3 తీవ్రతతో వచ్చింది, హైదరాబాద్ దాకా జనం కదలిక గమనించారు. అంకెలు చూస్తే తేడా రెండున్నరే. కానీ ఈ కొలమానంలో ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన తుర్కియే భూకంపం ములుగు దానికంటే 5,000 రెట్లకి పైగా పెద్దది. ఇలాంటివి జరిగినప్పుడల్లా ‘ఫలానా తారీఖున ఇంకోటి వస్తుంది, ఇళ్ళు ఖాళీ చేయండి’ అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతాయి. తారీఖు, చోటు, తీవ్రత ముందే చెప్పగల పద్ధతి ఇంతవరకూ ఎవరి దగ్గరా లేదు. ఈ ల్యాబ్ శ్రద్ధగా చేసిన పిల్ల ఇంట్లో ఒక్కతి ఉన్నా ఆ మెసేజ్ అక్కడితో ఆగిపోతుంది.

శాటిలైట్ చిత్రాల మీద నది వంపులు చూడటం, కాంటూర్ మ్యాప్ చదవటం, వర్షపాతం గ్రాఫ్ గీయటం కూడా స్క్రీన్ మీద బాగా వచ్చే పనులే.

స్క్రీన్ మీద రానివి

అసలు ఇబ్బంది రాళ్ళు, ఖనిజాల దగ్గర మొదలవుతుంది. ఖనిజాన్ని గుర్తుపట్టాలంటే కళ్ళు చాలవు. గీరి చూడాలి, బరువు చూడాలి, గరుకు పింగాణీ పలక మీద రుద్ది ఏ రంగు గీత పడుతుందో చూడాలి, పలుచటి యాసిడ్ చుక్క వేసి నురగ వస్తుందేమో చూడాలి.

క్వార్ట్జ్, కాల్సైట్ రెండూ తెల్లగా, మెరుస్తూ ఉండొచ్చు. ఫొటోలో పక్కపక్కన పెడితే చాలామంది తేడా చెప్పలేరు. చేతికిస్తే అర నిమిషం పని. క్వార్ట్జ్ గాజు మీద గీత పెడుతుంది, కాల్సైట్ పెట్టలేదు. యాసిడ్ వేస్తే కాల్సైట్ నురగలు కక్కుతుంది, క్వార్ట్జ్ ఊరుకుంటుంది. పైరైట్ అనే ఖనిజం అచ్చం బంగారంలా మెరుస్తుంది, పలక మీద రుద్దితే నల్లటి గీత పడుతుంది. అదే బంగారమైతే పసుపు గీతే పడుతుంది. మన సరాఫా బజార్‌లో గీటురాయి చేసే పని ఇదే కదా!

అందుకే మంచి కాలేజీలు ఆన్‌లైన్ ల్యాబ్‌కి కూడా ఒక పెట్టె ఇంటికి పంపిస్తాయి. అందులో రాళ్ళ ముక్కలు, భూతద్దం, గాజు పలక, పింగాణీ పలక, గీరడానికి మేకు ఉంటాయి. పిల్లలు గీరి, కొలిచి, ఫొటో తీసి, తాము చూసింది రాసి పంపాలి. నాసిరకం కోర్సులో పెట్టె ఉండదు. బొమ్మ మీద క్లిక్ చేస్తే ‘కాఠిన్యం 7’ అని కంప్యూటరే చెప్పేస్తుంది. జవాబు వచ్చింది, మార్కు పడింది. పరీక్ష చేసింది ఎవరు? విద్యార్థి కాదు. రెండు కోర్సులకీ సర్టిఫికెట్ మీద రాసే పేరు మాత్రం ఒకటే.

కొలిచి చూడటం కొత్త మాట కాదు

దాదాపు వెయ్యేళ్ళ కిందట అల్ బిరూనీ రత్నాలనీ, లోహాలనీ రంగు చూసి నమ్మలేదు. నీళ్ళు నిండిన పాత్రలో వేసి, పొర్లిపోయిన నీళ్ళని తూచి, ఏది ఎంత సాంద్రమో కొలిచాడు. ఇవాళ ఆన్‌లైన్ ల్యాబ్‌లో పిల్లలు వంటింటి త్రాసుతో చేసే సాంద్రత పరీక్ష అదే పద్ధతి. ఆయనే హిందుస్తాన్ గురించి రాసిన గ్రంథంలో ఇంకో సంగతి గమనించాడు. కొండల దగ్గర నదిలో గుండ్రటి రాళ్ళు పెద్దవిగా ఉన్నాయి, దూరం వెళ్ళేకొద్దీ చిన్నవయ్యాయి, చివరికి ఇసుకే మిగిలింది. దాన్నిబట్టి ఈ మైదానం ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన మట్టితో పూడిందని ఊహించాడు. ఇప్పటి కోర్సులో అవక్షేప శిలల పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆయన దగ్గర ల్యాబ్ గది లేదు. చూసే కన్ను, కొలిచే చెయ్యి ఉన్నాయి. ఆన్‌లైన్‌లో చదివినా ఇవి రెండూ పిల్లలకి అలవాటు కావాలి.

మన చుట్టూ ఉన్న ల్యాబ్

ఈ విషయంలో హైదరాబాద్ పిల్లలు అదృష్టవంతులు. గోల్కొండ కోట నిలబడ్డ కొండ, బంజారాహిల్స్‌లో ఇంకా మిగిలిన బండరాళ్ళు గ్రానైట్, వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. వికారాబాద్ వైపు వెళ్తే 6 కోట్ల ఏళ్ళకి పైబడిన లావా నుంచి వచ్చిన నల్లరాయి దొరుకుతుంది. మన ఇళ్ళల్లో పరిచే తాండూరు బండ సున్నపురాయి, నీళ్ళ అడుగున పొరలు పొరలుగా పేరుకున్నది. అంటే నేలమీద కూర్చుని చదివే పిల్ల అవక్షేప శిల మీదే కూర్చుని ఉంది.

పాలరాయి గట్టు మీద నిమ్మరసం పడితే మరక పడుతుందని, గ్రానైట్ గట్టు మీద పడదని అమ్మీలకి బాగా తెలుసు. పుస్తకంలో యాసిడ్ పరీక్ష అంటే అదే. పాలరాయిలో కాల్సైట్ ఉంది, గ్రానైట్‌లో ఆ ఖనిజం సాధారణంగా ఉండదు. నల్లగొండ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎందుకు వస్తోందన్న ప్రశ్నకి జవాబు కూడా చాలావరకు అక్కడి గ్రానైట్ రాళ్ళలోనే ఉంది. బోరు ఎంత లోతు వేయాలి, చెరువు పూడిస్తే నీళ్ళు ఎటు పోతాయి, మూసీ ఒడ్డున ఇల్లు కొనొచ్చా అన్న ప్రశ్నలు మన బస్తీలకి చావుబతుకులవి. 1908 సెప్టెంబర్ వరద హైదరాబాద్ ఇంకా మర్చిపోలేదు.

నిబంధనలు ఏం చెబుతున్నాయి

మన దేశంలో యూజీసీ 2018లో తెచ్చిన ఆన్‌లైన్ కోర్సుల నిబంధనలు, ల్యాబ్ తప్పనిసరి అయిన ప్రోగ్రాములని పూర్తిగా ఆన్‌లైన్‌లో ఇవ్వకూడదన్నాయి. కాబట్టి ‘బీఎస్సీ జియాలజీ అంతా ఇంటి నుంచే’ అని ఎవరైనా ప్రకటన ఇస్తే, యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో ఆ యూనివర్సిటీకి ఆ కోర్సుకి అనుమతి ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో కోర్సులు ఉచితంగా చదవొచ్చు. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా తీసుకునే అవకాశం కాలేజీలు ఇవ్వొచ్చు. పరీక్ష రాసి క్రెడిట్ తీసుకోవాలంటే ముందుగా మీ కాలేజీని అడగాలి.

అమెరికా వెళ్ళే పిల్లలకి ఇంకో జాగ్రత్త. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక సెమిస్టర్‌లో ఫుల్‌టైమ్ లెక్కలోకి వచ్చేది ఒకే ఒక్క ఆన్‌లైన్ క్లాసు, అదీ 3 క్రెడిట్ల వరకే. సులువుగా ఉందని రెండు, మూడు ఆన్‌లైన్‌వి తీసుకుంటే వీసాకే ఎసరు. అక్కడే స్థిరపడిన పిల్లలు కూడా, తర్వాత చేరబోయే యూనివర్సిటీ ఆన్‌లైన్ ల్యాబ్ క్రెడిట్‌ని ఒప్పుకుంటుందా అని ముందే రాతపూర్వకంగా కనుక్కోవాలి. మెడిసిన్ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి, కొన్ని మెడికల్ కాలేజీలు ఆన్‌లైన్ ల్యాబ్‌లని లెక్కలోకి తీసుకోవు.

ఫీజు కట్టే ముందు అడగాల్సినవి

ఇంటికి రాళ్ళ పెట్టె పంపిస్తారా? దాని ఖర్చు ఫీజులో ఉందా, విడిగా కట్టాలా? విద్యార్థి తానే కొలిచి రాయాల్సిన పనులు ఎన్ని? బయటికెళ్ళి రాళ్ళు, వాగులు చూసి రాసే అసైన్‌మెంట్ ఒక్కటైనా ఉందా? పొరపాటు చేస్తే చూసి దిద్దే టీచర్ ఉన్నారా, లేక కంప్యూటరే మార్కులు వేస్తుందా? ఈ క్రెడిట్‌ని ఎవరు ఒప్పుకుంటారు? వీటికి సూటిగా జవాబు రాకపోతే ఆ కోర్సు వదిలేయడమే మంచిది.

తల్లిదండ్రులతో చివరిగా ఒక మాట. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది హైదరాబాద్‌లోనే. భారత భూగర్భ సర్వే శిక్షణ సంస్థ ఉన్నదీ ఇక్కడే, బండ్లగూడలో. యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష అమ్మాయిలూ రాయొచ్చు, అబ్బాయిలూ రాయొచ్చు. కానీ ఆ పరీక్షకి పీజీ కావాలి, ఆ పీజీకి చేత్తో చేసిన ల్యాబ్, కాలినడకన చూసిన ఫీల్డ్ కావాలి. ఆన్‌లైన్ కోర్సు ఆ చదువుకి మొదటి మెట్టు కావొచ్చు, అభ్యంతరం లేదు. ‘ఇంట్లోనే అయిపోయింది కదా’ అని అమ్మాయిని ఆ మెట్టు మీదే ఆపేస్తే నష్టం ఆమె ఒక్కదానిదే కాదు. ఆదివారం గోల్కొండకి ఎలాగూ వెళ్తాం. ఈసారి ఆమె చేతికి ఒక భూతద్దం, ఒక నోట్‌బుక్ ఇవ్వండి. చూసింది ఇంటికొచ్చి మీకు చెప్పమనండి.