బూట్లు కొంటే పరుగొచ్చేస్తుందా?

ఈ మధ్య ఆఫీసులో ఎవర్ని కదిపినా పరుగు గోలే. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి మే, జూన్ నెలల్లో పేర్లిచ్చేస్తారు. ఆ శనివారమే మాల్‌కెళ్ళి పది, పదిహేను వేలు పోసి బూట్లు కొంటారు. జులై వచ్చేసరికి వాళ్ళలో కొందరు కుంటుతూ కనిపిస్తారు. ఏమైందని అడిగితే "షూ పడలేదు బాస్, మోడల్ మార్చాలి" అంటారు. నాకైతే ఇందులో బూట్ల తప్పు పెద్దగా కనబడదు.

అసలు సంగతేంటంటే, ఒంట్లో అన్ని భాగాలూ ఒకే వేగంతో తయారవ్వవు. వారానికి నాలుగు రోజులు పరిగెడితే నెలా నెలన్నరలో ఆయాసం తగ్గిపోతుంది. ఎముకలకీ, కండరాల్ని ఎముకలకి కట్టి ఉంచే స్నాయుబంధనాలకీ మాత్రం నెలలు పడుతుంది. కొత్త బరువుకి అలవాటు పడేటప్పుడు ఎముక ముందు పాత భాగాన్ని కొంత తొలిచేసి, ఆ తర్వాత కొత్తది నింపుకుంటుంది. ఆ మధ్యలో కాస్త బలహీనంగానే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనవాడికి ఆయాసం తగ్గి హుషారొస్తుంది. 5 కిలోమీటర్లు కాస్తా 10 చేస్తాడు. నిమిషానికి 160 అడుగులేసుకున్నా గంటకి 9,600. ఒక్కో అడుగుకీ ఒంటి బరువుకి రెండు మూడింతల దెబ్బ. పదేళ్ళుగా కుర్చీకి అతుక్కుపోయిన కాళ్ళకి ఇది లోడ్ టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్‌లోకి పంపడమే. (మనం రోజూ చేసేదీ అదే అనుకోండి, అది వేరే కథ!)

బూట్ల కొట్లో పాదం ఒంపు చూసి "సార్, మీకు స్టెబిలిటీ షూ కావాలి" అంటాడు చూడండీ, ఆ పద్ధతిని అమెరికా సైన్యం వేలమంది కొత్త సైనికుల మీద పరీక్షించింది. 2009, 2010లలో ఫలితాలు వచ్చాయి. పాదం ఆకారాన్ని బట్టి బూట్లిచ్చినా, అందరికీ ఒకే రకం ఇచ్చినా గాయాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని వట్టికాళ్ళ వాదమూ నిలబడలేదు. అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్ మారథాన్‌ని వట్టికాళ్ళతో గెలిచాడని అందరూ చెప్తారు. 1964లో టోక్యోలో బూట్లేసుకుని మళ్ళీ గెలిచాడన్నది ఎవరూ చెప్పరు. ఐదు వేళ్ళ బూట్లమ్మిన విబ్రమ్ కంపెనీ, ఆరోగ్యానికి మంచిదన్న ప్రచారానికి ఆధారాల్లేవంటూ పడిన కేసులో 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీ పడింది.

మరి ఏ బూట్లు కొనాలి? కొట్లోనే నాలుగడుగులు పరిగెత్తి చూసి, హాయిగా ఉన్నవి. బొటనవేలి ముందు కాస్త ఖాళీ ఉండాలి. సాయంత్రం పూట పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి అప్పుడు కొంటే మేలు. ఇంతకు మించి ఆ విషయం మీద బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

సాధన సంగతికొస్తే, వారానికి 10 శాతం కంటే ఎక్కువ పెంచొద్దని ఒక సూత్రం ఉంది. నెదర్లాండ్స్‌లో కొత్తగా పరుగు మొదలెట్టిన వాళ్ళ మీద పరీక్షించి 2008లో ప్రచురించారు. సూత్రం పాటించినవాళ్ళకీ, మామూలు పద్ధతిలో వెళ్ళినవాళ్ళకీ ఇంచుమించు ఒకేలా, ఐదుగురిలో ఒకరికి దెబ్బ తగిలింది. కాబట్టి స్ప్రెడ్‌షీట్ కంటే కాలు చెప్పేది వినడం నయమని నా అభిప్రాయం. మొదటి రెండు నెలలూ కాస్త నడక, కాస్త పరుగు. పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగం. పరుగుకీ పరుగుకీ మధ్య ఒక రోజు విరామం. వారానికి రెండుసార్లు మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తి దించడం, గుంజీళ్ళు (చిన్నప్పుడు పంతులుగారు ఊరికే తీయించలేదు!).

మనలో చాలామంది పరుగు మొదలెట్టేది పతకం కోసం కాదు, హెల్త్ చెకప్‌లో షుగరు హద్దు దాటిందనో, నాన్నగారికి స్టెంట్ వేశారనో. అలాంటివాడు కుంటుతూ ఆగిపోతే మళ్ళీ మొదలుపెట్టడం కష్టం. బూట్లు అటక మీదకెళ్తాయి, షుగరు మాత్రం ఎక్కడికీ వెళ్ళదు.

పిక్కలు రెండూ సలుపుతున్నాయా, రెండ్రోజులాగితే పోతుంది. మోకాలి కింద ఎముక మీద వేలితో నొక్కినప్పుడు ఒక్కచోటే కలుక్కుమంటుంటే మాత్రం వెంటనే పరుగాపి ఎముకల డాక్టరు దగ్గరకెళ్ళండి. ఆగస్టుకి 21 కిలోమీటర్లు అయ్యేలా లేకపోతే 10కి మార్పించుకోండి. దారిలో ఫ్లైఓవర్లు ఎలాగూ ఉంటాయి, వచ్చే ఏడూ ఉంటాయి.