ముందు ఓపిక, తరువాత అప్పు

మన పత్రికల్లో మనం ఎక్కువగా మాట్లాడుకునేది భాష గురించి. తెలుగు బడి మూతపడుతోందని, పిల్లలు ఇంట్లో కూడా కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో మాట్లాడుతున్నారని బాధపడతాం. న్యాయమైన బాధే. కాని ఆ నిలబెట్టుకోదలచిన భాషలో మన ఇళ్ళల్లో ఏం మాట్లాడుకుంటున్నాం, ఏం మాట్లాడుకోవడం లేదు అన్నది కూడా చూసుకోవాలి కదా! పెళ్ళయి రెండేళ్ళయినా నెల తప్పని పిల్ల గురించి చుట్టాలంతా తెలుగులోనే మాట్లాడుకుంటారు. ఆ పిల్లకు నెలసరి ఎన్ని రోజులకొకసారి వస్తోంది అన్న ప్రశ్న మాత్రం ఏ భాషలోనూ ఎవరూ అడగరు. ఈ నాలుగు మాటలూ ఆ అడగని ప్రశ్న గురించి.

నేను డాక్టర్ని కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరిన మనిషిని. ముప్పై ఏళ్ళుగా బళ్ళారి, హోసూరు, షోలాపూరు, బరంపురం అంటూ బదిలీల మీద తిరిగాను. ఎక్కడికి వెళ్ళినా, కౌంటరు దగ్గర నా తెలుగు విని "మీరు మనవాళ్ళేనా అమ్మా" అని పలకరించిన ఆడవాళ్ళు ఉన్నారు. డిపాజిట్ల మాటలతో మొదలై ఇంటి మాటల దాకా వచ్చేవారు. ఇన్నేళ్ళు విన్నదాన్నిబట్టి చెబుతున్నాను. సంతానం విషయంలో మన కుటుంబాలు రెండు తప్పులు చేస్తున్నాయి, అదీ ఒకదాని వెనుక ఒకటి. చవకలో, తేలికలో తేలిపోయే కాలాన్ని ముందు ఓపిక పేరుతో పోగొట్టుకుంటాయి. ఆ తరువాత అతి ఖరీదైన వైద్యాన్ని కంగారులో అప్పుచేసి కొంటాయి. ఇది విధి కాదు, దేవుడి నిర్ణయమూ కాదు. వరుస తప్పిన లెక్క.

మొదటి తప్పు పెళ్ళికి ముందే మొదలవుతుంది. పద్ధెనిమిదేళ్ళ పిల్లకు రెండు నెలలకొకసారి, మూడు నెలలకొకసారి ముట్టు వస్తుంటే తల్లి దిగులుపడుతుంది. పెద్దవాళ్ళు "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అంటారు. పెళ్ళి ఏ జబ్బుకూ మందు కాదు. వయసొచ్చిన స్త్రీకి నెలసరి 21 రోజుల నుంచి 35 రోజుల లోపల వస్తే సక్రమం. 35 రోజులు దాటిపోతూ ఉన్నా, ఏడాదికి ఎనిమిది సార్లకన్నా తక్కువ వస్తున్నా క్రమం తప్పినట్టే. క్రమం తప్పిందంటే చాలాసార్లు అర్థం ఒకటే: అండం వేళకు విడుదల కావడం లేదు. దీనికి తరచుగా కనిపించే కారణం ఇప్పుడు అందరి నోటా వినిపించే పీసీఓఎస్, మనవాళ్ళు నీటిబుడగలు అనేది. ఇది ఈ కాలపు పిల్లల తిండివల్ల నిన్నమొన్న పుట్టుకొచ్చిన జబ్బేమీ కాదు. 1935లోనే షికాగోలో స్టెయిన్, లెవెంతాల్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వర్ణించి రాశారు. థైరాయిడ్ లోపం, ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువ కావడం కూడా కారణాలు కావచ్చు. వీటికి రక్తపరీక్షలున్నాయి. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందన్నదీ నిజం కాదు, సన్నగా ఉన్న పిల్లలకూ వస్తుంది. పైగా ఇది పిల్లల కోసమే పట్టించుకోవలసిన సంగతి కాదు. నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భసంచి లోపలి పొర మందమై ముందుముందు క్యాన్సరు దాకా పోయే ప్రమాదముంది. పీసీఓఎస్ ఉన్నవారికి మధుమేహం వచ్చే అవకాశమూ ఎక్కువే. అంటే పెళ్ళి చేసుకోని పిల్లకు కూడా వైద్యం కావాలి.

పెళ్ళయ్యాక రెండో మాట వస్తుంది: "తొందరేముంది, ఒక ఏడాది చూడండి." కొంచెం చదువుకున్నవాళ్ళు దీనికి శాస్త్రం కూడా చెబుతారు. పన్నెండు నెలలు ప్రయత్నించినా గర్భం రాకపోతేనే సంతానలేమి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది కదా అని. అన్నమాట నిజమే. కాని ఆ ఏడాది గడువు నెలసరి సక్రమంగా ఉన్నవారికి. అందులోనూ స్త్రీ వయసు 35 దాటితే ఆరు నెలలే. క్రమం తప్పినవారు అసలు ఆగనక్కరలేదు, మొదటి రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళవచ్చు. ఎందుకో లెక్క చూడండి. నెలనెలా వచ్చే ఆమెకు ఏడాదిలో పన్నెండు పదమూడు అవకాశాలు. డెబ్బై రోజులకొకసారి వచ్చే ఆమెకు అయిదు. ఆ అయిదింటిలోనైనా అండం ఎన్నిసార్లు విడుదలైందో, ఏ రోజున విడుదలైందో ఎవరికీ తెలియదు. ఇద్దరికీ ఒకే గడువు పెట్టి ఓపిక పట్టమనడం ఏం న్యాయం?

మూడో మాట డాక్టర్ల దగ్గరే వినిపిస్తుంది. నెలసరి రాని పిల్లకు మాత్రలిస్తారు, వారం పది రోజులు వాడాక ముట్టు వస్తుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ మాత్రలు కొన్నిసార్లు అవసరమే. కాని మాత్రతో రక్తస్రావం తెప్పించడం వేరు, అండం విడుదల కావడం వేరు. మేము బి.కాం. మొదటి ఏడాదిలోనే నేర్చుకున్న పాఠం ఒకటుంది. ట్రయల్ బ్యాలెన్సులో రెండువైపులా మొత్తాలు కలిసినంత మాత్రాన ఖాతాలు సరిగ్గా ఉన్నాయని కాదు. అసలు రాయకుండా వదిలేసిన పద్దు ఉంటే కూడా మొత్తాలు చక్కగా కలుస్తాయి. నా పెళ్ళి 1994లో అయింది. అయిదేళ్ళపాటు నాకు అలాంటి మాత్రలే ఇచ్చారు. నెలనెలా మొత్తాలు కలిశాయి. అండం సంగతి ఎవరూ చూడలేదు, థైరాయిడ్ పరీక్ష ఎవరూ రాయలేదు, మావారిని ఒక్కసారైనా రమ్మని ఎవరూ అనలేదు. బదిలీ మీద వెళ్ళిన మరో ఊళ్ళో ఒక డాక్టరమ్మ రాయించిన మొదటి రక్తపరీక్షలోనే థైరాయిడ్ లోపం బయటపడింది. ఆ తరువాత మాకు బిడ్డ పుట్టిందా లేదా అన్నది ఇక్కడ చెప్పను. పిల్లలున్నామె మాటకు ఒక విలువ, లేనామె మాటకు ఒక విలువ కట్టే అలవాటు మనలో ఉంది గనక.

ఇక మగవాళ్ళ సంగతి. "మావాడికేం, గుండ్రాయిలా ఉన్నాడు" అనే అత్తగారిని నేను నాలుగు రాష్ట్రాల్లోనూ చూశాను. గుండ్రాయిలా ఉండటానికీ వీర్యకణాల సంఖ్యకూ సంబంధం లేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడివైపు కూడా ఏదో ఒక కారణం, పూర్తిగానో పాక్షికంగానో ఉంటుంది. ఆడదానికి నెలసరి క్రమం తప్పిందని తెలిసినంత మాత్రాన మగవాడికి పరీక్ష అక్కరలేదని కాదు, ఇద్దరిలోనూ ఉండవచ్చు. వీర్యపరీక్షకు సూది లేదు, కోత లేదు, మత్తు లేదు. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి నమూనా ఇస్తే చాలు. అయ్యే ఖర్చు ఒక ఆదివారం కుటుంబమంతా హోటల్లో భోంచేసినంత ఉండదు. అయినా భార్యకు స్కానింగులు, సూదులు, ట్యూబులు చూసే ఎక్స్‌రేలు, చివరకు పొట్టకు కన్నంపెట్టి చూసే పరీక్షలు కూడా అయ్యాక గాని భర్తగారు కదలరు. మన భాషలో గొడ్రాలు అనే మాట ఉంది, నోటికి తేలిగ్గా వస్తుంది. సీమంతానికి ఆమెను పిలవకుండా ఉండటానికి, బారసాలలో ఉయ్యాల ముట్టనివ్వకుండా ఉండటానికి పనికొస్తుంది. మగవాడికి అంతే వాడుకలో ఉన్న మాట ఏది? నపుంసకుడు అన్నది వేరే సంగతి. లేని మాటను ఇప్పుడు పుట్టించమని నేను అనడం లేదు. ఉన్న మాటను పాతిపెట్టమంటున్నాను.

మొక్కుల గురించి కూడా చెప్పాలి. కుక్కె సుబ్రహ్మణ్యంలో సర్పసంస్కారం చేయించుకోండి, రామేశ్వరం వెళ్ళి రండి, రావిచెట్టు చుట్టూ తిరగండి. నాకు అభ్యంతరం లేదు, మనశ్శాంతి కూడా మనిషికి అవసరమే. కాని రెండేళ్ళు ప్రదక్షిణలయ్యాకే పరీక్షలన్న వరుస ఏ శాస్త్రంలో ఉంది? గుడికి వెళ్ళే రోజునే ల్యాబుకూ వెళ్ళవచ్చు. ఏ దేవుడూ అడ్డుచెప్పలేదు.

బయటి రాష్ట్రాల్లో ఉన్న మనకు మరో చిక్కుంది. హిందూపురం పిల్ల హోసూరు కోడలవుతుంది, కరీంనగరం పిల్ల షోలాపూరు కోడలవుతుంది, టెక్కలి పిల్ల బరంపురం కోడలవుతుంది. డాక్టరమ్మ తమిళంలోనో మరాఠీలోనో ఒడియాలోనో అడుగుతుంది. పిల్లకు ఆ భాష ఇంకా పట్టుబడలేదు. పక్కనున్న అత్తగారో భర్తో జవాబు చెబుతారు. "అంతా బాగానే వస్తుంది డాక్టరుగారూ" అంటారు. పిల్ల తలవంచుకుని కూర్చుంటుంది. ముట్టు, బహిష్టు, బయట చేరడం, దూరం, నెలసరి అని మనకు ఇన్ని మాటలున్నాయి. ఒక్కటీ ఆ గదిలో ఆమె నోట రాదు. అందుకని చదివే ప్రతి తల్లికీ నా మనవి. మీ గోడమీద కాలెండరు ఉంటుంది. గ్యాసుబండ మార్చిన రోజు దానిమీద రాస్తారు, పాలు రాని రోజు రాస్తారు. ముట్టు వచ్చిన రోజును కూడా పిల్లచేత గుర్తు పెట్టించండి. ఎన్ని రోజులుందో రాయించండి. ఆరు నెలల తేదీలు చేతిలో పెడితే ఏ రాష్ట్రం డాక్టరైనా చదువుకుంటుంది. అంకెలకు అనువాదం అక్కరలేదు, అత్తగారి సాయమూ అక్కరలేదు.

ఇంత ఒత్తి చెప్పడానికి కారణం ఉంది. సంతానలేమికి గల కారణాల్లో అండం సరిగ్గా విడుదల కాకపోవడం అన్నది తేలిగ్గా లొంగేవాటిలో ఒకటి. ఒళ్ళున్నవారు బరువులో అయిదు నుంచి పది శాతం తగ్గినా కొందరికి అండం విడుదల మళ్ళీ మొదలవుతుంది. థైరాయిడ్ లోపమైతే రోజుకొక మాత్ర. పీసీఓఎస్ అయితే అండాన్ని విడుదల చేయించడానికి ముందుగా వాడేది లెట్రోజోల్ అనే మాత్ర. 2014లో వెలువడిన ఒక అమెరికా పరిశీలనలో 750 మంది పీసీఓఎస్ స్త్రీలను అయిదు విడతల దాకా గమనించారు. లెట్రోజోల్ వాడినవారిలో 27.5 శాతం మందికి, అంతకుముందు నుంచీ వాడుకలో ఉన్న క్లోమిఫీన్ వాడినవారిలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మన దేశంలో 2011లో సంతాన చికిత్సకు లెట్రోజోల్ వాడకాన్ని నిషేధించారు, 2017లో ఆ నిషేధం ఎత్తేశారు. ఇవి మందుల షాపులో అడిగి కొనుక్కునేవి కావు. కవలలు పుట్టే అవకాశం కూడా ఉంటుంది గనక డాక్టరు స్కానింగులో చూస్తూ ఇవ్వవలసినవి. అయినా వీటి ఖర్చు వేలల్లో తేలిపోతుంది, లక్షల్లో కాదు.

లక్షలు ఎప్పుడు అవుతాయంటే, ఇవన్నీ వదిలేసి పదేళ్ళు గడిపి, ముప్పైఆరో ఏట నేరుగా టెస్ట్‌ట్యూబ్ సెంటరు మెట్లెక్కినప్పుడు. అప్పుడు నా దగ్గరికి వస్తారు. బంగారం తాకట్టు ఫారంలో అప్పు దేనికని అడిగే చోట వైద్య ఖర్చులు అని రాస్తారు. గాజులు, హారం, పుట్టింటివారు పెట్టిన వడ్డాణం తూకానికి వస్తాయి. ఒక విడతకు లక్ష దాటడం మామూలు, ఒక విడతతో అయిపోతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. స్త్రీ వయసు 35 దాటాక అవకాశం తగ్గే వేగం పెరుగుతుంది, వడ్డీ మాత్రం తగ్గదు. ఆరోగ్య బీమా ఉంది కదా అంటారు. చాలా పాలసీల మినహాయింపుల జాబితాలో సంతానలేమి చికిత్స స్పష్టంగా రాసి ఉంటుంది, కొన్ని కొత్త పాలసీల్లో తప్ప. టెస్ట్‌ట్యూబ్ వైద్యం చెడ్డదని నేను అనడం లేదు. ట్యూబులు మూసుకుపోయినవారికి, వీర్యకణాలు బాగా తక్కువున్నవారికి అది వరమే. కాని సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. అండం విడుదలకు మందులు సరిగ్గా వాడి చూశామా? ట్యూబులు తెరుచుకుని ఉన్నాయా? వీర్యపరీక్ష ఏం చెప్పింది? నాలుగోది కూడా అడగండి. 2021 నాటి చట్టం ప్రకారం ఇలాంటి ప్రతి సెంటరూ రిజిస్టరు కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమనండి. పదివేల అప్పుకు మేము ఇన్ని కాగితాలు అడుగుతామే, మీరు ఒక్క కాగితం అడిగితే తప్పేమిటి?

ఇన్నీ చేసినా కొందరికి పిల్లలు పుట్టరు. కొందరు అసలు వద్దనుకుంటారు. అది వారి ఇష్టం. వారి బతుకుకు లోటుందని తీర్పు చెప్పే అధికారం ఏ పేరంటానికీ లేదు. నేను అడిగేది ఒక్కటే, కావాలనుకున్నవారి కాలాన్ని మనం తినేయకూడదని.

సాహిత్య పత్రికలో ఇవేం మాటలని కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. మన సంఘాలు ఉగాదికి పంచాంగ శ్రవణం పెడతాయి, కవిసమ్మేళనం పెడతాయి. ఆ రోజున ఒక గంట తెలుగు తెలిసిన ఒక లేడీ డాక్టరును పిలిచి, మగవాళ్ళను కూడా కూర్చోబెట్టి ఈ సంగతి మాట్లాడించమనండి. ఆడపిల్ల తన ఒంటి బాధను చెప్పుకోవడానికి పనికిరాని భాషను బతికించుకోమని ఆమెను ఏ ముఖంతో అడుగుతాం?