కల్లం పోయింది, ఆటస్థలమైనా మిగలాలి

మన ఊళ్లలో ఒకప్పుడు ఆటస్థలమని వేరే ఉండేది కాదు. కోతలైన వరి మడి, నూర్పిళ్లు ముగిసిన కల్లం, ఊరి చివర బంచరాయి, పిల్లలకు ఇవే మైదానాలు. కబడ్డీ గీత గీసుకోవడానికి ఎవరినీ అడగాల్సిన పని లేదు. జీడిమెట్ల చుట్టూ ఆ భూములు ఫ్యాక్టరీ షెడ్లయ్యాయి. మేడ్చల్, శామీర్‌పేట వైపు ద్రాక్షతోటలు ప్లాట్లయ్యాయి. అమ్ముకున్న రైతుకు ఎంతో కొంత సొమ్ము దక్కింది. కూలీల పిల్లలకు ఆడుకునే జాగా కూడా లేకుండా పోయింది. ఈ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టలేదు.

రైతు సంఘానికి ఆటస్థలాలతో ఏం పని అని కొందరు అడుగుతున్నారు. ఇది కూడా భూమి ప్రశ్నే. ఊరి ఉమ్మడి భూమి ఎవరి చేతిలో ఉండాలన్నదే అసలు సంగతి.

2022 జూన్ 2న అప్పటి ప్రభుత్వం తెలంగాణ క్రీడా ప్రాంగణాల పథకం ప్రారంభించింది. ప్రతి ఆవాసానికీ ఒక మైదానం అన్నారు. ఉపాధి హామీ కింద నేల చదును చేయించారు. ఆలోచన మంచిదే. కానీ బోర్డు పెట్టాక ఏటా గడ్డి తీయించేందుకు, విరిగిన స్తంభం మార్చేందుకు పంచాయతీకి ప్రత్యేక నిధి ఇవ్వలేదు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించాల్సి ఉండేది. మిగిలిన దానితో ఊరి అవసరాలన్నీ తీరాల్సి వచ్చేది. ఆట వంతు ఎప్పుడూ చివరికే. అందుకే చాలా ఊళ్లలో బోర్డు మిగిలింది, ఆట మిగల్లేదు.

అధికారం సంగతీ చూద్దాం. రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్ర జాబితాలోని అంశం. పంచాయతీలకు బదలాయించదగిన 29 అంశాలున్న 11వ షెడ్యూలులో ఆటస్థలం అన్న మాటే లేదు. పట్టణాలకు సంబంధించిన 12వ షెడ్యూలులో మాత్రం పార్కులతో పాటు ఆటస్థలాలనూ చేర్చారు. 2025 డిసెంబర్‌లో రాష్ట్రమంతా సర్పంచ్ ఎన్నికలు జరిగినా మన మేడ్చల్ జిల్లాలో జరగలేదు, ఎందుకంటే ఇక్కడ పంచాయతీలే లేవు. కొన్ని ఊళ్లు కొత్త మున్సిపాలిటీల్లో, కొన్ని మహానగరంలో కలిశాయి. మనల్ని అడగకుండానే పట్టణం చేశారు. అయితే పట్టణానికి రాసిన హక్కు కూడా మనకు రావాలి కదా!

డబ్బు లేదనే మాట ఒప్పుకోలేం. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలంటోంది. మొక్కకు వాటా రాసిన చట్టంలో పిల్లల ఆటకు కొంత వాటా రాయడం కష్టమా? శామీర్‌పేట దారిలో హకీంపేట క్రీడా పాఠశాల 1993 నుంచి నడుస్తోంది. అది ఉండాలి, ఇంకా ఎదగాలి. కానీ అక్కడ సీటు దొరికేది కొద్దిమందికే. మిగతా పిల్లలు ఎక్కడ పరుగెత్తాలి? పోలీసు, ఆర్మీ పరీక్షలకు తయారయ్యే మన యువకులు తెల్లవారుజామున లారీల మధ్య రోడ్ల మీద పరుగెత్తాల్సిందేనా?

మా డిమాండ్లు ఇవి. రద్దయిన పంచాయతీల క్రీడా ప్రాంగణాలన్నింటినీ సర్వే చేసి, హద్దురాళ్లు పాతి, మున్సిపల్ ఆస్తుల రిజిస్టరులో ఎక్కించాలి. లేఅవుట్లలో ప్రజావసరాలకు వదిలిన ఖాళీ స్థలాల జాబితాను వార్డు ఆఫీసులో అంటించాలి. ఇక్కడ వసూలైన లేఅవుట్ ఫీజులో కొంత ఇక్కడి మైదానాలకే ఖర్చు పెట్టాలి. నిర్వహణలో వార్డు యువజన కమిటీకి మాట ఉండాలి. ఆటస్థలం పేరు చెప్పి పేదల అసైన్డ్ భూమిని మాత్రం ముట్టుకోకూడదు.

వినతిపత్రం ఇచ్చి ఊరుకుంటే పని కాదు. ఈ నెలలోనే ప్రతి ఊరి కమిటీ టేపు పట్టుకుని తమ మైదానానికి వెళ్లాలి. ఎంత ఉండాలి, ఎంత మిగిలింది, కొలిచి రాసుకుందాం. ఆ కాగితంతోనే కమిషనర్ దగ్గరకు వెళదాం.