మా వాడ డిమాండ్ ఎన్నో నంబరు?

నియంతృత్వం అనే మాట నేను పుస్తకాల్లో చదివాను, మీటింగుల్లో విన్నాను. మా వాడలో మాత్రం ఎవరి నోటా వినలేదు. మావాళ్ళకి పోలీసు తెలుసు, నాయుడు తెలుసు, కరణం తెలుసు, ఇప్పుడు సచివాలయం తెలుసు. వీళ్ళందర్నీ ఒక మూటలో కట్టి పేరు పెట్టాలని వాళ్ళకి ఎప్పుడూ తోచలేదు. ఎండకి పేరు పెడతామేటి, అలాగే బతికేశారు. అలాంటిది 2022 జనవరిలో మా స్టాఫ్ రూములో ఆ మాట ఒక్కసారిగా పుట్టుకొచ్చింది. పొద్దున్న ప్రార్థన అయింది మొదలు సాయంత్రం గంట కొట్టేదాకా అదే మాట.

కారణం అందరికీ తెలిసిందే. జనవరి 17న పీఆర్సీ జీవోలు వచ్చాయి. అప్పటిదాకా 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్నవాళ్ళకి 23 శాతం ఫిట్‌మెంట్ అన్నారు. ఇంటద్దె భత్యం కోసేశారు. వారంలో రద్దు చేస్తామని 2019 ఎన్నికల ముందు చెప్పిన సీపీఎస్ అలాగే కూచుంది. నాకూ మండింది. ఎందుకు మండదు? 2014 డీఎస్సీలో వచ్చి 2016లో ఉద్యోగంలో చేరినవాణ్ణి, మా వంశంలో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి, నా జీతం మీద ఆరుగురు బతుకుతున్నారు. నా పెన్షన్ షేర్ మార్కెట్లో ఆడుకుంటోంది. కాబట్టి ఆ పోరాటం నాది కాదని నేను అనను. నా పేచీ వేరే.

ఫిబ్రవరి 3న చలో విజయవాడ అన్నారు. రెండు రోజుల ముందు కానిస్టేబులు మా ఇంటికొచ్చి 149 నోటీసు ఇచ్చి సంతకం పెట్టించుకున్నాడు. మాయమ్మ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి "పట్టానేటిరా?" అంది. ప్రభుత్వం కాగితం అంటే ఆవిడకి రెండే తెలుసు. ఒకటి ఇచ్చే పట్టా, రెండోది ఖాళీ చెయ్యమనే నోటీసు. మర్నాడు బడిలో మా తోటి మాస్టారొకాయన, ఆయనకీ నోటీసు వచ్చింది, తల పట్టుకుని "మాలాటోళ్ళ ఇంటికి పోలీసు రావడమేటండీ, వీధిలో పరువు పోయింది" అన్నాడు. మంచివాడే. నా టిఫిన్ డబ్బాలో కూర తీసుకు తింటాడు. కానీ ఆ మాట నా చెవిలో అలా ఉండిపోయింది. మాలాటోళ్ళ ఇంటికి రాకూడని పోలీసు మాలోళ్ళ ఇంటికి రావొచ్చన్నమాట.

నేను బీఈడీ చదువుతున్నప్పుడు, 2012 జూన్ 12న, వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు మాలల్ని చంపేశారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా, 2022 ఏప్రిల్లో జిల్లాలు చీల్చాక విజయనగరంలోకి వచ్చింది. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకుని, డబ్బు కట్టేసి, నీట మునక్కుండా మిగిలిపోయిన భూమి. సెంటు భూమి లేనివాళ్ళు దుక్కి దున్నుకున్నారు. అదీ వాళ్ళ నేరం. చంపినవాళ్ళు ఎక్కణ్ణించో వచ్చినవాళ్ళు కాదు, ఊళ్ళోని తూర్పు కాపులు. కాగితం మీద వాళ్ళూ బీసీలే. బహుజన ఐక్యత గురించి వేదికలెక్కి మాట్లాడే మిత్రులు మా జిల్లాలకి వస్తే ముందు ఆ పొలం గట్టు మీద కాసేపు నిలబడాలని నా కోరిక. ఆ భూమి ఎవరిదో తేల్చాల్సింది రెవెన్యూ ఆఫీసు. తేల్చకుండా ఏళ్ళ తరబడి నాన్చింది. నాన్చడం కూడా ఒక పాలనే. దాన్ని నియంతృత్వం అని అప్పుడు ఏ స్టాఫ్ రూమూ అనలేదు. ఊరి గొడవ అన్నారు.

అంతకు రెండేళ్ళ ముందు సోంపేట. 2010 జూలై 14న థర్మల్ ప్లాంటు వద్దని బీలకి అడ్డం నిలబడ్డ రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. అంటే జనం చెప్పిందే నిజమని కాగితం మీద తేలిన రోజే జనాన్ని కాల్చారు. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు. 144 సెక్షన్ అంటే ఏమిటో సంతబొమ్మాళి మండలంలో బడికెళ్ళే గుంటల్ని అడిగినా చెప్పేవాళ్ళు. ఇప్పుడు కొత్త చట్టంలో దాని నంబరు 163. నంబరొకటే మారింది. ఆ రోజుల్లో ఉన్నది ఒక పార్టీ, తరవాత వచ్చింది ఇంకో పార్టీ, 2019లో మరో పార్టీ, 2024లో మళ్ళీ ఇంకోటి. మీది ఏ పార్టీ మాస్టారూ అని నన్నడుగుతుంటారు. వాడ మీదకి వచ్చినప్పుడు జీపుకి ఏ రంగు జెండా ఉందో చూసుకునే తీరిక మాకుండదు.

సరే, విజయవాడ వెళ్ళాను. బస్సులు ఆపి, రైళ్ళు వెతికి, మాస్టర్లని దింపేస్తున్నారు. కూలీల్లా వేషం కట్టుకు రమ్మని సంఘం నుంచి కబురొచ్చింది. మా నాన్న గావంచా నెత్తికి చుట్టుకుని, ఆయన లుంగీ కట్టుకుని విజయనగరంలో రైలెక్కాను. నాకు వేషం కట్టే పనే పడలేదు. పోలీసు నా ముఖంలోకి చూసి ముందుకెళ్ళిపోయాడు. పక్కన కళ్ళద్దాలాయన లుంగీలో ఉన్నా దొరికిపోయాడు. కూలివాడు విజయవాడ వెళ్తే ఎవడూ ఆపడు. మా జిల్లాల కూలీలు ఆ రైళ్ళ నిండా ఏడాది పొడవునా వెళ్తూనే ఉంటారు, తట్టలు మొయ్యడానికి, అపార్ట్‌మెంట్లు కట్టడానికి. వాళ్ళ ప్రయాణం ఏ ప్రభుత్వానికీ ప్రమాదం కాదు.

బీఆర్‌టీఎస్ రోడ్డు కిక్కిరిసిపోయింది. అబద్ధమెందుకు, ఒళ్ళు పులకరించింది. భయపడకుండా అంతమంది ఒక్కచోట నిలబడడం నేను అంతకు ముందు చూడలేదు. తీరా 6 అర్ధరాత్రి నుంచి మొదలు కావాల్సిన సమ్మె, దాని ముందు రోజు రాత్రే చర్చల్లో ఆగిపోయింది. ఉపాధ్యాయ సంఘాలు ఒప్పుకోమన్నాయి, అది వాళ్ళ గౌరవం. తరవాత సీపీఎస్ మీద సెప్టెంబరు 1న తలపెట్టిన మార్చ్‌కి ముందే బైండోవర్ కేసులు పెట్టారు. మాస్టర్ల చేత, రౌడీషీటర్లకి చేసినట్టు, పూచీకత్తులు రాయించుకున్నారు.

ఈ రెంటి మధ్యా జరిగిందొకటి ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

2022 జూన్ 10న 117 జీవో వచ్చింది. కిలోమీటరు లోపు హైస్కూలుంటే ప్రాథమిక బడిలోని 3, 4, 5 తరగతుల్ని అక్కడికి తోలెయ్యాలి. మిగిలిన 1, 2 తరగతులకి, ముప్పై మంది దాకా అయితే ఒక్క టీచరు. నేను పనిచేసే బడి వాడలోనే ఉంది. ఊరి పేరు రాయను, రాస్తే ఆ తల్లులెవరో తెలిసిపోతారు. హైస్కూలు ఊరవతల. మధ్యలో లారీలు తిరిగే తారు రోడ్డు, చెరువు గట్టు. కొలిస్తే కిలోమీటరు లోపే. అధికారి టేపుతో కొలిచాడు. టేపుకి లారీ కనపడదు. ఇంకోటీ కనపడదు. ఆ దారి ఊరి నడివీధి గుండా వెళ్తుంది. ఆ వీధిలో మా పిల్లల్ని ఏ పేరుతో పిలుస్తారో ఆ వీధిలో నడిచి చదువుకున్నవాణ్ణి, నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ గుంటకి ఆ పిలుపు రోజుకి రెండుసార్లు వినిపించే ఏర్పాటు చేసింది ఆ జీవో.

జూలై 5న బడులు తెరిచారు. ఆ రోజు ఉపాధి పనికెళ్ళే తల్లులు గునపాలు గోడకి చేరేసి బడి ముందు కూచున్నారు. వాళ్ళకి సంఘం లేదు, రసీదు పుస్తకం లేదు. వాళ్ళలో ఒక అప్ప నన్నడిగింది: "మాస్టారుబాబూ, ఈ బడి మా పెద్దలు మట్టి మోసి కట్టినారు. ఇప్పుడు తీసుకుపోవడానికి ఆళ్ళెవులు?" పదకొండు రోజులు కూచున్నారు. మొదట్రోజు ఎవరూ పట్టించుకోలేదు. రెండో రోజు పోలీసు వచ్చాడు. మూడో రోజు నుంచి వాలంటీరు ఇల్లిల్లూ తిరిగాడు. యాభై ఇళ్ళకి ఒకడు, ఆ ఇళ్ళలో ఎవరికి పింఛనొస్తుందో, ఎవరి ఖాతాలో అమ్మఒడి పడుతుందో వాడి ఫోన్లో ఉంది. "అమ్మఒడి ఆగిపోతాది, మీ ఇష్టం" అన్నాడు. ఆ గుంటడు కూడా మా వాడవాడే, అయిదువేలకి పనిచేస్తున్నాడు. కొత్త పాలన ఇలా ఉంటుంది. లాఠీ అక్కర్లేదు, జాబితా చాలు. మా చేతే మమ్మల్ని బెదిరించొచ్చు. అయినా తల్లులు లేవలేదు. పదిహేనువేలు పోతే పోయాయి అన్న మాట నేను చెవులారా విన్నాను.

నేను వాళ్ళ పక్కన కూచోలేదు, నిలబడ్డాను. అర్జీ రాసిపెట్టాను. దానికే నాకు మెమో వచ్చింది, 1964 నాటి ప్రవర్తనా నియమావళి కింద. మా మండల శాఖ నాయకుణ్ణి వెళ్ళి కలిశాను. కరపత్రంలో విలీనానికి వ్యతిరేకంగా రాశారు, నిజమే. రాష్ట్రంలో సంఘాలు తిరిగాయి, సభలు పెట్టాయి, అదీ నిజమే. కానీ ఆ వాడకి రమ్మంటే ఆయన గొంతు తగ్గించి "విలీనమైతే ఎస్జీటీలకి స్కూల్ అసిస్టెంట్ ప్రమోషన్లున్నాయి మాస్టారూ, మనవాళ్ళే రెండు రకాలుగా ఉన్నారు" అన్నాడు. మనవాళ్ళు అన్న మాటలో ఆ తల్లులు లేరు. నాకు నియంత ముఖం టీవీలో ఎన్నోసార్లు కనిపించింది గానీ, ఆ గదిలో కనిపించినంత దగ్గరగా ఎప్పుడూ కనిపించలేదు.

కఠినంగా రాస్తున్నానని అంటారు. అయితే ఇది చెప్పండి. 2020 మే నెలలో విశాఖ జిల్లాలో మాస్టర్లని మద్యం షాపుల దగ్గర క్యూలు సర్దమని డ్యూటీలు వేశారు. రాష్ట్రమంతా ఛీ అంది, సంఘాలు గొంతెత్తాయి, మంచిదే. అదే మే 16న విశాఖపట్నం నడిరోడ్డు మీద డాక్టర్ సుధాకర్‌ని చేతులు వెనక్కి కట్టి పోలీసులు ఈడ్చారు. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో మత్తుడాక్టరు, దళితుడు, మాస్కులు లేవని అడిగి సస్పెండైనవాడు. ఆయనా మనలాగే ఒకటో తారీఖు జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగే. హైకోర్టు సీబీఐ విచారణ వెయ్యాల్సి వచ్చింది. 2021 మే 21న ఆయన చనిపోయాడు. మరుసటేడు బీఆర్‌టీఎస్ రోడ్డు మీద నేను నడిచినంత మేరా బ్యానర్లు చదువుకుంటూ నడిచాను. ఆ పేరు నాకు కనపడలేదు. 23 శాతం కనపడింది, 27 శాతం కనపడింది.

ఇంకొకటి. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ అక్కలు సమ్మెకి దిగారు. ప్రభుత్వం జనవరి 6న వాళ్ళ మీద ఎస్మా పెట్టింది, సెంటర్ల తాళాలు పగలగొట్టించింది. వాళ్ళ గౌరవవేతనం 11,500. అందులో కోతపడుతున్నా 42 రోజులు నిలబడ్డారు. మేం సమ్మె మొదలు కాకుండానే ఆపుకున్నాం. పోల్చడం తప్పంటారు. నేను పోల్చే తీరతాను. మా బడి మరుగుదొడ్లు కడిగే ఆయాకి నెలకి ఆరువేలు, అన్నం వండే అమ్మలకి మూడువేలు. వీళ్ళలో ఎక్కువమంది ఏ వాడ నుంచి వస్తారో అందరికీ తెలుసు. ఒకే బడిలో, ఒకే బావి నీళ్ళు తాగుతూ, వాళ్ళు మా సంఘంలో సభ్యులు కారు. నియంతృత్వం నశించాలి అని మేం అరిచిన సాయంత్రం వాళ్ళు మా టీ గ్లాసులు కడుగుతారు.

మా జిల్లాల్లో పంతులుకి ఒక చరిత్ర ఉంది. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం, ఇద్దరూ బడిపంతుళ్ళే. వాళ్ళు తరవాత పట్టిన ఆయుధం గురించి ఎవరి అభిప్రాయం వాళ్ళది, నాదీ ఒకటుంది, ఇక్కడ అక్కర్లేదు. వాళ్ళు కొండమీదకి వెళ్ళి మొదట అడిగింది పంతుళ్ళ జీతం గురించి కాదు. పాలేరు కూలి ఎంత, షావుకారి అప్పెంత, పోడు భూమి ఎవడిది అని అడిగారు. గిరిజన సంఘం ఆ ప్రశ్నల మీద పెరిగింది. అంత చిన్న ప్రశ్నలకే 1967 అక్టోబరు 31న, మొండెంఖల్ సభకి వెళ్తున్నవాళ్ళని లేవిడి దగ్గర ఆపి, భూస్వాముల మనుషులు ఇద్దర్ని కాల్చి చంపారు. 1985లో కారంచేడు మాదిగలు కూడా చీరాలలో శిబిరం వేసుకుని, ఊరికి తిరిగి రామని తామే చెప్పారు. వాళ్ళ తరఫున ఇంకెవరో డిమాండ్లు రాసిచ్చి ఉంటే దళిత మహాసభ పుట్టేదా? రోడ్ల మీద సభల్ని నిషేధిస్తూ 2023 జనవరి 2న ఒకటో నంబరు జీవో ఇచ్చారు, 1861 నాటి తెల్లవాడి పోలీసు చట్టం పట్టుకుని. మేలో హైకోర్టు కొట్టేసింది. పార్టీలన్నీ పండగ చేసుకున్నాయి. మా వాళ్ళు ఊరి నడివీధిలో ఊరేగింపు తియ్యడానికి ఏ జీవో అడ్డమో, దాన్ని ఏ కోర్టు కొట్టేస్తుందో ఆ పార్టీలు చెప్పాలి.

విద్యార్థి మిత్రులు మా వాడలకి వచ్చి సభకి జనం కావాలంటారు. జనాన్ని ఇస్తాం. ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాం, లారీల్లో. వచ్చేటప్పుడు మీ డిమాండ్ల కాగితం ఖాళీగా తీసుకురండి. మా అప్పలు చెప్తారు, మీరు రాసుకోండి. అచ్చయ్యాక వాళ్ళకి చదివి వినిపించండి.

2024లో ప్రభుత్వం మారింది. 2025లో 117 జీవో రద్దయింది, స్టాఫ్ రూముల్లో మిఠాయిలు పంచారు. దాని స్థానంలో మోడల్ ప్రైమరీ స్కూల్ అని వచ్చింది, చుట్టుపక్కల బడుల నుంచి 3, 4, 5 తరగతుల్ని అందులోకి కలపమన్నారు. వాడ బడి నుంచి వెళ్ళిన పిల్లలు తిరిగి రాలేదు. సీపీఎస్ కూడా ఎక్కడికీ పోలేదు.

వచ్చే ఆదివారం మా మండల శాఖ సమావేశం. ఎజెండాలో మొదటిది డీఏ బకాయిలు, రెండోది సీపీఎస్. నేనొక కాగితం తీసుకెళ్తున్నాను, తల్లులు చెప్తే రాసింది, పంతొమ్మిది వేలిముద్రలున్నాయి, నాలుగు సంతకాలు. 3, 4, 5 తరగతులు వాడకి తిరిగి రావాలి, రెండో టీచరుని వెయ్యాలి, ఆయాకీ వంటమ్మలకీ సంఘంలో సభ్యత్వం ఇవ్వాలి. దీన్ని ఒకటో నంబరుగా పెట్టమని అడుగుతాను. పెట్టకపోతే మా చందా రసీదులు అక్కడే బల్లమీద పెట్టి వస్తామని నాతో పాటు ఏడుగురు మాస్టర్లు ముందే చెప్పారు. వాళ్ళలో నా డబ్బాలో కూర తినే మాస్టారు ఒకాయన.